గేటు దగ్గర హారన్

"నళినీ, నేను చెప్తుంటా, నువ్వు ఇగ రాయి బిడ్డా. ఆ పొద్దుగూకాల హారన్ మోగలే."

నాంపల్లిలో ఇంద్రసేన సారు కారుకు నేను డ్రైవర్‌ని. రెండో ప్రపంచ యుద్ధం రోజులు, పెట్రోలు దొరక్క కారు గేటు దగ్గరే నిలిచి ఉండేది. గుల్బర్గా పోయిన సారు అక్కడే కలరాతో చనిపోయారు. చూపులేని తల్లి తట్టుకోలేదని ఆమెకు చెప్పలేదు. బ్యాటరీకి నీళ్లు పోసి కాపాడుతూ, సారు వచ్చినట్టు రోజూ హారన్ కొట్టేవాణ్ణి. ఆయన భార్య ప్రభావతమ్మ గాజులు గలగలలాడిస్తూ గేటు తీసేది. సారు అలిసి పడుకున్నారని అత్తకు చెప్పేది.

ఆ రోజు బ్యాటరీ దిగిపోయింది. ఆబిడ్స్‌లో చార్జింగుకు ఇద్దామని విప్పుతుంటే, కిటికీలోంచి ముసలమ్మ పిలిచింది.

"వీరన్నా, హారన్ కొట్టి తల్లి దగ్గరికి రాని కొడుకు ఉంటడా?"

పానా పక్కన పెట్టి కిటికీ దగ్గరికి పోయాను. "నీకు తెలుసా అమ్మా?"

"ఎప్పుడో ఎరుకైంది. నాకు తెలిసిందంటే కోడలి గాజులు పగలగొడ్తరు. అవి మోగినన్ని దినాలు నాకేం తెల్వదు. నువ్వు జల్ది బ్యాటరీ తీస్కరా."

మర్నాడు హారన్ కొట్టాను. గాజులు గలగలమన్నాయి.

"ఒచ్చినవా నాయినా?" అని లోపలినుంచి ముసలమ్మ అడిగింది.

"నళినీ, అత్తకు ఎరుకైన సంగతి ప్రభావతమ్మకు ఇప్పటికీ తెల్వదు బిడ్డా. ఇప్పుడు సుల్తాన్ బజార్ల ఉంటది, జర పోయి నువ్వు రాసింది సదివి ఇనిపియ్యి."