బ్రిటా ఎడమకాలు

“చిట్లింది ఎడమకాలి ఎముకండీ,” అంది డాక్టరమ్మ ఎక్స్‌రే చూపిస్తూ.

వారెన్ నమ్మలేదు. ఒరెగాన్ రాష్ట్ర పరుగు పోటీలకు కూతురు బ్రిటాను తయారుచేస్తున్నది తనే. నిరుడు ఆమె కుడికాలు దెబ్బతిన్నాక, పాదం గట్టిగా పడితే జుయ్‌మని మోగే ఎలక్ట్రానిక్ పట్టీ కొని ఆ కాలికి కట్టాడు. ఆ మోత అతని ఫోనులోనూ వినిపించేది.

“వేసవంతా ఒక్కసారీ మోగలేదు డాక్టర్! మా అమ్మాయి పిల్లిలా పరిగెడుతోంది.”

“కుడికాలు పిల్లిలాగే పడుతోంది. దాని బరువు కూడా ఎడమకాలే మోసింది. నొప్పి ఎప్పట్నుంచమ్మా?”

“జూలై నుంచి,” అంది బ్రిటా.

“మరి నాకు చెప్పవేంటే?” వారెన్ గొంతు లేచింది.

“పట్టీ మోగితే మొహం మాడ్చుకునేవాడివి నాన్నా. మోగకపోతే ఇంటిదాకా ఈలవేస్తూ వచ్చేవాడివి. అందుకే మోగకుండా పరిగెత్తడం నేర్చుకున్నా.”



డాక్టరమ్మ ఎడమకాలు నొక్కింది. బ్రిటా పళ్లు బిగించి, తండ్రి వైపు చూసి నవ్వింది.

ఆ నవ్వు వేసవంతా వారెన్ ఎన్నిసార్లు చూశాడో!

“నవ్వొద్దే తల్లీ,” అన్నాడు. “నొప్పెడితే అరిచెయ్.”

బ్రిటా ఆసుపత్రి అదిరేలా అరిచింది.