ఏమీ ఉండకూడని ట్యూబు

నీళ్ళు తాగి జబ్బుపడ్డవాళ్ళ నమూనాల్లో ఉన్న పరాన్నజీవి ఏ రకమో తేల్చడం ఆమె పని. మూడు రోజులుగా ల్యాబు వదిలి ఇంటి మొహం చూడలేదు. ఒళ్ళు హూనమైపోయింది. పరీక్షలో ఏదీ కలుషితం కాలేదని చూసుకోడానికి ప్రతి విడతలోనూ ఒక ట్యూబులో ఉత్త డిస్టిల్డ్ వాటరే పోస్తారు. అందులో ఏమీ కనబడకూడదు. ఈ రాత్రి కనబడింది.

నిద్రమత్తులో తన చెయ్యే ఎక్కడో తగిలి ఉంటుందనుకుని, కొత్త సీసా విప్పి మళ్ళీ చేసింది. మళ్ళీ అదే. ఆ రకం ఈసారి ఊళ్ళో ఎవరికీ రాలేదు. పాత రికార్డుల్లో ఒక్క నమూనాతోనే సరిపోయింది. అది తనకు ఈ పని నేర్పి, నిరుడు ఇదే జబ్బుతో పోయిన సీనియర్ అక్కది.

"ఆ ట్యూబుని చులకనగా చూడకే, ఇక్కడ అబద్ధం చెప్పనిది అదొక్కటే," అనేది అక్క నవ్వుతూ.

ఫ్రిజ్ రొద ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఫోను మోగింది. కూతురు.

"ఇంకా పడుకోలేదేంటే?"

"అమ్మా, మీ ఆఫీసు ఆంటీ వచ్చింది. నీకు పని నేర్పింది తనేనట."

"అమ్మమ్మని లేపు."

"లేవట్లేదు. ఆంటీ నాకు చిన్న ట్యూబులో నీళ్ళు తెచ్చింది. తాగనా?"