వెళ్ళిపోయింది

"నర్సమ్మ వెళ్ళిపోయిందండీ" అన్నాడు ఫోన్‌లో అవతలి మనిషి.

ఆమె చేతిలో పెన్ను ఆగిపోయింది.

"వెళ్ళిపోవడమేమిటి? ఎప్పుడు?"

"నెల దాటిందండీ."

"నెల దాటితే ఇప్పుడా చెప్పడం? మాటమాత్రంగానైనా చెప్పకుండా ఎలా వెళ్తుంది?"

"చెప్పేంత టైం లేకపోయిందండీ."

ఆఫీసులో ఆమెను చాటుగా ఫారాలమ్మ అంటారు. విదేశాలకు స్వచ్ఛంద సేవకు వెళ్ళినవాళ్ళు అక్కడ నడిపే చిన్న చిన్న ఆరోగ్య కేంద్రాలకు గ్రాంటులు ఇప్పించే ఉద్యోగం ఆమెది. మనుషుల్ని పంపేది వేరే సంస్థ. ఈమె చూసేది కాగితాలు. ఫారం నిండితే మందుల పెట్టెలు కదులుతాయి. ఒక్క గడి ఖాళీగా ఉన్నా కదలవు. ఫారం కాని కాగితం ఏదొచ్చినా టేబుల్ కింద అట్టపెట్టెలోకి పోవలసిందే.

ఇప్పుడు ఆమె ఫోన్ చేసిన కొండమీది కేంద్రంలో, ఇక్కణ్ణుంచి వెళ్ళిన కుర్ర నర్సమ్మే ఎప్పుడూ ఫోన్ ఎత్తేది. ఈ గొంతు కొత్తది. మన భాషే మాట్లాడుతున్నాడు కాబట్టి, వంటకో తోడుకో ఆ పిల్ల వెంటబెట్టుకెళ్ళిన మనిషి అనుకుంది.

"మళ్ళీ వస్తుందా?"

లైను గరగరలాడింది.

"రాదండీ."

ఆమెకు ఒళ్ళు మండింది.

"నాకు తెలుసయ్యా ఈ పిల్లల సంగతి! సేవ, సేవ అంటూ ఎగురుకుంటూ వెళ్తారు. నాలుగు ఫొటోలు దిగుతారు. రెండు వానలు పడేసరికి మెల్లగా జారుకుంటారు. కన్నవాళ్ళు గారాబం చేసి నెత్తికెక్కించుకుంటే ఇంతే!"

"అలా అనకండమ్మా" అన్నాడతను. "ఆ అమ్మాయి అలాంటిది కాదు."

"మరి ఇప్పుడు కేంద్రం ఎవరు చూస్తున్నారు?"

"నేనేనండీ. ఎవరికి ఏ మందో నర్సమ్మ అంతా పుస్తకంలో రాసిపెట్టింది. ఇక్కడి మంత్రసాని సాయం చేస్తోంది. తెల్లారేసరికల్లా తల్లులు పిల్లల్ని ఎత్తుకుని వచ్చి గుమ్మంలో కూర్చుంటున్నారు. జ్వరాలు ఇంకా తగ్గలేదు. మందులు పదిహేను రోజులకే ఉన్నాయి. పెట్టెలు మాత్రం ఆపకండమ్మా, మీకు పుణ్యముంటుంది."

"నువ్వు నర్సువా?"

"కాదండీ."

"డాక్టరువా?"

"కాదండీ."

"మరి నిన్ను ఏ గడిలో రాయమంటావు?"

"నన్ను ఎక్కడా రాయొద్దండీ. నర్సమ్మ పేరే ఉంచెయ్యండి."

"లేని మనిషి పేరు ఉంచాలా? బాగుంది వరస!"

ఫోన్ ఠక్కున పెట్టేసింది. నర్సు పేరుకు ఎదురుగా 'మధ్యలో వదిలి వెళ్ళింది' అని రాసి సంతకం పెట్టింది. ఆ సంతకంతో పెట్టెలు ఆగిపోయాయి.

మర్నాటి నుంచి రోజూ పదకొండు గంటలకు ఫోన్ మోగేది. అదే నంబరు. తను లేదని చెప్పించేది. పది రోజులు మోగింది. పదకొండో రోజు మోగలేదు.

పీడ విరగడైంది అనుకుంది.

కానీ పదకొండు అయ్యేసరికి చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి పోయేది. మోగని ఫోన్ మోగినట్టు అనిపించి ఎత్తేది. అవతల ఎవరూ ఉండేవారు కాదు. పెట్టేశాక కూడా చెవిలో ఆ గరగర పోయేది కాదు.

"ఓసారి చెవుల డాక్టరుకు చూపించుకో అక్కా" అని పక్క సీటావిడ నవ్వింది. ఆమెకు నవ్వు రాలేదు. ఇంటికెళ్ళాక కూడా "అలా అనకండమ్మా" అన్న గొంతే వినిపించేది. దేనికి భయపడుతోందో తనకే తెలియదు, భయం మాత్రం వేసేది.

రెండు నెలల తర్వాత, మనుషుల్ని పంపే సంస్థ నుంచి ఒక అధికారి వచ్చాడు.

"కొండమీది కేంద్రానికి తాళం వేసి వస్తున్నానండీ."

"ఆ పిల్ల అలా పారిపోతే మూతపడక ఏమవుతుంది?"

అతను ఆమెను వింతగా చూశాడు.

"పారిపోవడమేమిటండీ? జ్వరమొచ్చి రెండు రోజుల్లో చనిపోయింది. మీకు ఉత్తరం రాశాం కదా!"

ఆమె వంగి అట్టపెట్టె బయటికి లాగింది. ఉత్తరం ఉంది. కవరైనా చింపలేదు.

"ఫోన్‌లో ఆ మనిషి 'వెళ్ళిపోయింది' అన్నాడండీ" అంది. "వెళ్ళిపోయింది అనే అన్నాడు."

ఆమె ముందున్న ఫారాలను పక్కకు నెట్టేసింది.

"నేను ఆయనతో మాట్లాడాలి. పెట్టెలు ఇవాళే పంపిస్తాను. ఫారం సంగతి తర్వాత చూసుకుందాం. ఆయన ఎక్కడున్నాడు?"

"ఆయనా వెళ్ళిపోయారండీ."

ఆ మాటకు అర్థమేమిటో అడగడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. అధికారే చెప్పాడు.

"మందులు నిండుకున్నాక, వానలో కొండ దిగి తనే కొని మోసుకొచ్చేవారట. మూడుసార్లు తెచ్చారు. నాలుగోసారి వచ్చేసరికి ఆయనకూ అదే జ్వరం. ఈ జ్వరంతో పోయినవాళ్ళను అక్కడ కొండ దిగనివ్వరు. అందుకే ఆ ఊరివాళ్ళు నర్సమ్మ పక్కనే ఆయన్నీ పూడ్చారు."

"నర్సమ్మ పక్కనా? ఆయన ఎవరు?" అని ఇన్నాళ్ళకు అడిగింది ఆమె.

"పోయిన కూతుర్ని ఇంటికి తెచ్చుకుందామని వారం రోజుల సెలవు పెట్టి వెళ్ళి, గుమ్మంలో కూర్చున్న ఆ తల్లుల్ని వదిలి రాలేకపోయిన తండ్రండీ" అన్నాడు అధికారి.