జత లేని వరుస

కంప్యూటర్‌లో రోగుల వివరాలు వెతికే పాత క్వెరీ ఒక్కో రోగి దగ్గర ఆగి, తన లోపలే ఉన్న మరో చిన్న క్వెరీ, అంటే సబ్‌క్వెరీతో అతని కిందటి రక్తపరీక్షను వెతికేది. అందుకే పరిస్థితి విషమించినవాళ్ల పేర్లు డాక్టర్లకు ఆలస్యంగా అందేవి. ఆసుపత్రి ప్రోగ్రామర్ దాన్ని తీసేసి, పరీక్షల టేబుల్‌ను దానితోనే సెల్ఫ్ జాయిన్ చేసి, ప్రతి కొత్త పరీక్షనూ పాతదానితో జతకలిపింది. పేర్లు రెప్పపాటులో వచ్చాయి.

"బతికించావమ్మా," అన్నాడు పెద్ద డాక్టరు.

మధ్యాహ్నం టీ తాగుతూ ఆమె కప్పు కింద పెట్టేసింది. జాయిన్‌లో ప్రతి పరీక్షకూ పాత పరీక్ష ఒకటి జతగా ఉండాలి. మొదటిసారి వచ్చినవాళ్లకు పాతది ఎక్కణ్నుంచి వస్తుంది? సబ్‌క్వెరీ వాళ్లనూ చూపించేది. జాయిన్ వాళ్లను జాబితాలోంచి వదిలేసింది.

మెట్లు దిగి పరుగెత్తింది. వరండా బెంచీ మీద ఒకతను గోడకు తల ఆనించి ఉన్నాడు. నర్సు అతని నాడి చూసి, అది అందక, చెయ్యి మెల్లగా అతని ఒళ్లో పెట్టేసింది.

ప్రోగ్రామర్ అతని భుజాలు పట్టుకుంది. "ఒరేయ్... తమ్ముడూ!"

"మీ తమ్ముడా?" అంది నర్సు. "ఇవాళే మొదటిసారి వచ్చి రక్తపరీక్ష చేయించుకున్నాడు. పొద్దుటినుంచీ ఇక్కడే ఉన్నాడు. లోపలికెళ్లి అడగమన్నానమ్మా. 'మా అక్క ఇక్కడే పనిచేస్తుంది, తెలిస్తే కంగారుపడుతుంది. పిలిచినప్పుడే వెళ్తాలెండి' అన్నాడు."