క్యారెట్ మడిలో పరాయి మనిషి

"ఎవరయ్యా నువ్వు? నా పంటంతా పీకేస్తున్నావు?"

టైలరు చేతిలోని నీళ్ళబిందె అక్కడే వదిలేసి పరుగెత్తాడు. అప్పటికే మడి సగానికి పైగా ఖాళీ అయింది. కన్నబిడ్డల్లా పెంచుకున్న ఏపుగా ఎదిగిన మొక్కలన్నీ గట్టు మీద గుట్టగా పడి ఉన్నాయి.

పక్కనే ఓ పరాయి మనిషి ప్యాంటు పైకి మడిచి, మోచేతుల దాకా మట్టితో గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"ఇది పంట కాదన్నా, కలుపు," అన్నాడతను నవ్వుతూ. "క్యారెట్ ఇదిగో, ఈ సన్నగా ఉన్నది."

చూస్తే గడ్డిపోచలు. టైలరుకు ఒళ్ళు మండిపోయింది.

మండదూ మరి? బట్టలు కుట్టీ కుట్టీ విసుగెత్తి, దుకాణం మూసి, ఈ పొలం కౌలుకు తీసుకున్నాడు. భార్య ఒకే మాట చెప్పింది. ఈ ఒక్క పంటా చూస్తుందట, రాకపోతే మారుమాట్లాడకుండా మళ్ళీ మిషను ముందు కూర్చోవాలట. ఆ పంటేమో ఇప్పుడు గట్టు మీద వాడిపోతోంది.

నోటికొచ్చినట్టు తిట్టి గెంటేశాడు. పోతూ పోతూ ఆ మనిషి, ఆ సన్నటి మొక్కల్ని మాత్రం పీకొద్దని బతిమాలాడు.

టైలరుకు పీకే ఓపిక కూడా లేకపోయింది. ఉసూరుమంటూ మిషనుకు నూనె పెట్టడం మొదలెట్టాడు. భార్యే, పచ్చగా ఉన్నదాన్ని ఎండబెట్టడానికి మనసొప్పక, ఆ గడ్డికి నీళ్ళు పోస్తూ వచ్చింది.

ఒక ఉదయం పొలంలోంచి ఆమె కేక వినబడింది. పాము కరిచిందేమోనని టైలరు గుండె చేత్తో పట్టుకుని వెళ్ళాడు. ఆమె చేతిలో కుచ్చులాంటి ఆకు, దాని కింద ఎర్రగా నిగనిగలాడుతూ క్యారెట్. ఇంకో కుచ్చు లాగితే ఇంకోటి. ఇద్దరూ చిన్నపిల్లలైపోయి, మట్టి దులుపుకుని అక్కడే కొరుక్కుతిన్నారు.

"ఇక ఆ మిషనుకు ముసుగేసెయ్యండి," అంది భార్య మూతి తుడుచుకుంటూ.

టైలరుకు సంతోషంతో కళ్ళు చెమర్చాయి. వెంటనే ఆ మనిషి గుర్తొచ్చి సిగ్గూ వేసింది. సంచి నిండా క్యారెట్లు నింపుకుని విత్తనాల కొట్టుకు వెళ్ళి, పోలికలు చెప్పి, ఆ పెద్ద రైతు ఇల్లెక్కడని అడిగాడు.

కొట్టతను పడీ పడీ నవ్వాడు.

"ఆయన రైతేంటండీ, బస్సు కండక్టరు. మొన్ననే బదిలీ మీద వెళ్ళిపోయాడు. మీకంటే ముందు ఆ పొలం కౌలుకు చేసి, క్యారెట్లన్నీ పీకేసి, కలుపుకు ఎరువేసి పెంచుకున్న మహానుభావుడు ఆయనే."