తెరగది డేరా

కోట సంతలో పాత మిలిటరీ డేరాల మధ్య కామమ్మ మొగుడి వీపు మీద తెడ్డుతో ఒక్కటిచ్చింది.

"దోమతెర గది ఉండే డేరానే కొను! పోయినేడు చేపల వేటకని దీవిలో మకాం పెడితే పెద్దబిడ్డ దోమల జొరంతో పోయిందే. చిన్నదాన్నన్నా దక్కనీ!"

"అది వల మే! వలలోకి పోయిందేదీ బతికి రాదు. మా వంశంలో ఎవురూ వలలో పండుకోలా!" అన్నాడు ఓబయ్య.

రెండో దెబ్బకు ఎక్కడో అల్లూరులో కాకులు లేచాయి. ఓబయ్య ఆమె జుట్టు పట్టి ఈడ్చాడు. నాలుగు డేరాలు కూలాయి. అమ్మేవాడు అయిదోదాంట్లో దాక్కున్నాడు.

కామమ్మ తన్నిన తన్నుకు ఓబయ్య పక్కన నిలిచున్న డేరా తెరగదిలో వెల్లకిలా పడ్డాడు. పొద్దు వాలుతోంది. ముఖం మీదికి వచ్చిన దోమలన్నీ తెర అవతలే ఆగిపోయాయి. అతను వాటినే చూస్తూ ఉండిపోయాడు.

కామమ్మ మళ్ళీ తెడ్డెత్తింది.

"కొట్టబాక మే," అన్నాడు ఓబయ్య మెల్లగా. "బిడ్డ వల చినిగిపోద్ది."