నెమలి రాకుమారి కథలో లేని మనిషి

"గా బిళ్ళల్నే రాకాసి పాణం ఉంటది. కావాల్నంటే రాసిస్త!"

సునీల్ ఫోన్‌ను క్యాంటీన్ బల్ల మీద పెట్టి టీజర్‌ను మళ్ళీ మొదటికి తిప్పాడు. నారాయణపేట కాలేజీలో ఆ వారం చదువు అటకెక్కింది. పిల్లలందరూ చిన్నప్పుడు విన్న నెమలి రాకుమారి కథ సినిమాగా వస్తోంది. సవతితల్లి రాకుమారిని మంత్రంతో నెమలిని చేసి అడవికి తోలేస్తుంది, అదీ కథ. తీరా టీజర్‌లో చూస్తే సవతితల్లి పిల్లను చూసి కమ్మగా నవ్వుతోంది. ఆమె మెడలో ఒక వెండి బిళ్ళ, దాని మీద ఎవరో ఆడమనిషి బొమ్మ. ఇంకేం కావాలి, తలకో మాట.

"పాత కథను ఖరాబ్ చేసిన్రు. సవతితల్లి గట్ల నవ్వుతదా?" అంది అక్షిత.

"మాయనవ్వే గది. బిళ్ళ పగిలితేనే నెమలి మల్ల పిల్లయితది, సూడు," అన్నాడు సునీల్.

నిహారిక ఇద్దరినీ వింతగా చూసింది. "అసలు గా కథల సవతితల్లే లేదు గదనే!"

బల్ల చుట్టూ నవ్వులు.

"మరి పిల్లను నెమలి చేసిందెవరే?" అంది అక్షిత.

"అమ్మనే. పులి ఎంటవడ్తే దాచిపెట్టనీకి చేసింది. రాకుమారికి ఇద్దరమ్మలు. ఒకామె కనబడ్తది, ఒకామె కనబడది. మా అమ్మ రోజు గిట్లనే చెప్తుండె."

"మీ అమ్మకు కథ రాదే," అంది అక్షిత.

నిహారికకు ఒళ్ళు మండింది. తనను ఎన్నయినా అనొచ్చు గానీ అమ్మను అంటే ఊరుకోదు. చివరికి పందెం పడింది. సినిమాలో అమ్మ కథ తప్పని తేలితే, ఫ్రెండ్స్ గ్రూపులో "మా అమ్మకు కథ రాదు" అని నిహారిక స్వయంగా పెట్టాలి.

పెడతానని తల ఎగరేసిందే గానీ లోపల గుబులు మొదలైంది. క్యాంటీన్ అక్కను అడిగితే సవతితల్లే అంది. ఆటోలో పక్కనామె కూడా అదే అంది. ఊరంతా ఒక కథ, వాళ్ళమ్మ ఒక్కతే ఒక కథ! ఎవరిది నిజమో ఆ పిల్లకు పాలుపోలేదు.

ఇంట్లో స్వరూప మగ్గం పక్కన కూర్చుని కండెలకు నూలు చుడుతోంది. ఎండలు మండిపోతున్నా కొంగు మెడ చుట్టూ నిండుగా కప్పుకునే ఉంటుంది. కూతురు తెచ్చిన మిర్చిబజ్జీ చిన్న ముక్క తుంచి, కొంగు లోపల పుస్తెల దగ్గర ఒక్క క్షణం పెట్టి, ఆ తర్వాతే నోట్లో వేసుకుంది. ఏం తిన్నా అంతే.

"దేవునికి ముందు, నీకు ఎనుక. ఎప్పుడన్న నాకు ముందు పెట్టినవా?" నిహారిక ఎప్పటిలాగే ఆటపట్టించింది.

"నీకు పెట్టినట్టేలే," అంది స్వరూప.

నిహారిక పందెం సంగతి చెప్పి టీజర్ చూపించింది. బిళ్ళ కనపడగానే స్వరూప చేతిలో నూలు పుటుక్కున తెగింది.

"ఆదివారం నువ్వు నాతోటి సినిమాకు రావాలె అమ్మా. నీ కథ అబద్ధమంటున్రు."

"నాకెందుకు బిడ్డా సినిమా? నువ్వు గూడ పోకు."

"ఎందుకు పోవద్దు?"

స్వరూప తెగిన పోగును ముడివేస్తూ ఉండిపోయింది. వీళ్ళింట్లో జవాబు లేని ప్రశ్నలు కొత్త కాదు. బాపు విజేందర్ సొంతూరు అచ్చంపేట దిక్కు. నిహారికకు నడక రాకముందే ఇటు వచ్చేశారు, మళ్ళీ అటు తొంగిచూసింది లేదు. ఎందుకని అడిగితే బాపు కూడా మగ్గం వైపు తిరిగేవాడు.

ముడి బిగించి స్వరూప అడిగింది. "సినిమాల గామె మంచిదా, చెడ్డదా?"

"ఎవ్వరికి ఎర్క లేదు. గదే లొల్లి."

"అయితే వస్త."

ఆదివారం హాలు కిటకిటలాడింది. వెనక వరుసలో సునీల్, అక్షిత. స్వరూపకు అటు పక్క సీట్లో బిక్షమ్మ అనే ముసలామె మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తెర మీద రాజుగారి రెండో పెళ్ళి జరుగుతోంది. పెద్దముత్తయిదువ ఒకామె కొత్తరాణి మెడలో ఆ వెండి బిళ్ళ వేసింది.

"వచ్చెరా రాకాసి!" సునీల్ ఈల వేశాడు.

"అవ్వా, గదేంది?" మనవరాలు అడిగింది.

"సవతమ్మ బిళ్ళ బిడ్డా. సచ్చిపోయిన మొదటామె బొమ్మ. రెండో పెండ్లి చేసుకున్నామె మెడలేసుకుంటది. మా ఊర్ల గిట్లనే."

ఈల సగంలో ఆగిపోయింది. కాసేపటికి తెర మీద పులి దూకింది. కొత్తరాణి పిల్లను గుండెకు హత్తుకుని, మంత్రం చదివి, నెమలిని చేసి చెట్టెక్కించి, తానొక్కతే పులికి ఎదురుగా నిలబడింది. హాల్లో సగం మంది చప్పట్లు కొట్టారు, సగం మంది ఇదేం కథరా అని గొణిగారు.

నిహారిక ఎగిరి గంతేసినంత పని చేసింది. "గెలిచినమమ్మా! అచ్చం నీ కథనే! కనబడే అమ్మ గామె, కనబడని అమ్మ గా బిళ్ళల ఉన్నామె!" అంటూనే ఆమెకు అయోమయంగా అనిపించింది. "కానీ పాత కథను మార్చి కొత్తగ రాసిన్రంట గదా? ఇంకెవ్వరికి తెల్వనిది, నీకెట్ల ఎర్క?"

తెర మీది వెలుగు ఇద్దరి ముఖాల మీదా పడుతోంది.

స్వరూప మెల్లగా మెడ మీది కొంగు తీసింది. పుస్తెల పక్కన అలాంటి బిళ్ళే ఉంది.